షుగర్ తగ్గిస్తుందని రాసిన చోడి మాల్ట్ ప్యాకెట్: కంప్లయింట్ ఎక్కడ పెట్టాలి, ఏం రాస్తే నిలబడుతుంది?

చంపావతి_ఒడ్డు (ప్రశ్న)

విజయనగరం, గజపతినగరం, బొబ్బిలి వైపు కిరాణా కొట్లలోనూ వారపు సంతల్లోనూ ఒక చోడి (రాగి) మాల్ట్ పొడి అమ్ముతున్నారు. అరకిలో ప్యాకెట్. పేరు ఇక్కడ రాయను, ఇలాంటి రాతలున్న ప్యాకెట్లు ఇంకా ఉన్నాయి.

ముందువైపు ఇంగ్లిష్‌లో "హెల్త్ డ్రింక్", "నో యాడెడ్ షుగర్", "కాల్షియం రిచ్", "హై ఫైబర్". కింద తెలుగులో మాత్రం "షుగర్ వ్యాధిని అదుపులో ఉంచుతుంది, మోకాళ్ల నొప్పులు తగ్గిస్తుంది, డాక్టర్లు సిఫారసు చేసినది" అని పెద్ద అక్షరాలు. తెలుగు రాతకి ఇంగ్లిష్‌లో జోడీ లేదు. వెనక పదార్థాల పట్టీలో చోడి పిండి 65%, బెల్లం 30%, జీడిపప్పు, యాలకులు. పోషకాల పట్టిక లేదు. ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు 2తో మొదలవుతోంది.

అడగాల్సినవి ఇవి. వీటిలో ఏది నిజంగా చట్టం ప్రకారం తప్పు, ఏది చెల్లుతుంది? కంప్లయింట్ ఎవరికి ఇవ్వాలి? శాంపిల్ తీసి ల్యాబ్‌లో పాసయితే అక్కడితో కథ ముగిసినట్టేనా? అమ్మిన కొట్టువాడి మీద కూడా పడుతుందా?

లేబుల్_లెక్క

ఒకే ప్యాకెట్ మీద ఉన్నా అన్నీ ఒక రకం తప్పు కావు. మాట మాటకీ విడదీయండి. అన్నీ కలిపి "మోసం చేస్తున్నారు" అని ఒక ముద్దగా రాస్తే చదివే ఆఫీసరుకి పట్టుకోవడానికి ఏమీ దొరకదు.

మీకు కావలసిన పుస్తకం 2018 నాటి ప్రకటనలు, క్లెయిముల రెగ్యులేషన్స్. దాంతోపాటు 2020 నాటి లేబులింగ్, డిస్‌ప్లే రెగ్యులేషన్స్. మూల చట్టం 2006 నాటి ఫుడ్ సేఫ్టీ అండ్ స్టాండర్డ్స్ యాక్ట్.

"షుగర్ వ్యాధిని అదుపులో ఉంచుతుంది", "మోకాళ్ల నొప్పులు తగ్గిస్తుంది": రోగాన్ని రానివ్వదని, తగ్గిస్తుందని, నయం చేస్తుందని ఆహారం మీద రాయకూడదు. రోగం వచ్చే ప్రమాదాన్ని తగ్గిస్తుందనే మాట రాయాలన్నా అది ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆమోదించినదై ఉండాలి. ఇక్కడ ల్యాబ్‌తో పనే లేదు, రాసి ఉండడమే తప్పు. మీ కంప్లయింట్‌లో ఇదే మొదటి వాక్యం కావాలి.

"డాక్టర్లు సిఫారసు చేసినది": ఇదీ నేరుగా నిషేధించిన మాటే. ఏ డాక్టరు, ఎక్కడ అని వాదన పెట్టుకోనక్కర్లేదు. నిజంగా పదిమంది డాక్టర్లు చెప్పినా లేబుల్ మీద వేయకూడదు.

"నో యాడెడ్ షుగర్": బెల్లం 30% అని వెనక వాళ్లే రాసుకున్నారు. పంచదార, గ్లూకోజు, తేనె, మొలాసిస్, ఏ రకం చక్కెరా కలపనప్పుడే ఈ మాట చెల్లుతుంది. బెల్లం ఆరోగ్యానికి మంచిదన్నది వేరే చర్చ. చట్టం దృష్టిలో అది కలిపిన చక్కెరే. "షుగర్ ఫ్రీ" అయితే ఇంకా గట్టి మాట: 100 గ్రాములకి చక్కెర 0.5 గ్రాము దాటకూడదు. మొలకెత్తించిన చోళ్లతో చేసిన అసలు మాల్ట్‌కి బెల్లం కలపకపోయినా ఆ మాట వేయడం కష్టం. మొలకెత్తేటప్పుడు పిండిపదార్థం కొంత మాల్టోజ్‌గా విరుగుతుంది, అదీ చక్కెరే.

ఇక "కాల్షియం రిచ్", "హై ఫైబర్". ఇక్కడ తొందరపడకండి, లెక్క కట్టి చూడాలి. హైదరాబాద్ ఎన్‌ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ) వాళ్ల 2017 ఆహార పట్టికల్లో 100 గ్రాముల చోళ్లకి కాల్షియం 364 మిల్లీగ్రాములు, పీచు 11.18 గ్రాములు, ప్రొటీన్ 7.16 గ్రాములు, ఇనుము 4.62 మిల్లీగ్రాములు. బెల్లానికి కాల్షియం 107, ఇనుము 4.63 మిల్లీగ్రాములు.

ఘన పదార్థానికి "రిచ్" అనాలంటే 100 గ్రాముల్లో రోజువారీ అవసరంలో 30% ఉండాలి. "సోర్స్" అనాలంటే 15% చాలు. పెద్దవాళ్లకి కాల్షియం రోజుకి 1000 మిల్లీగ్రాములు. ఉత్త చోడి పిండి అయితే 364, అంటే 36%. "రిచ్" అనొచ్చు. ఈ ప్యాకెట్‌లో చోడి పిండి 65% మాత్రమే, అంటే 237 మిల్లీగ్రాములు. బెల్లం నుంచి 32. రెండూ కలిపి 270 దగ్గర, 27%. మిగతా 5%లో జీడిపప్పు ఉన్నా 300 దాటదు. కాబట్టి "రిచ్" చెల్లదు, "సోర్స్" చెల్లుతుంది. బెల్లం చేతిలోనే ఆ మాట పోయిందన్నమాట.

పీచుకి "హై" అనాలంటే 100 గ్రాములకి 6 గ్రాములు. 65% చోడి పిండితో 7.3 గ్రాములు వస్తుంది, కాగితం మీద పాసు. కానీ పిండిని పల్చటి గుడ్డలో జల్లించి తవుడు తీసేస్తే ఈ అంకె పడిపోతుంది. మాల్ట్‌ని నున్నగా చేయడానికి చాలామంది చేసే పని అదే. ఈ ఒక్క దానికే ల్యాబ్ పరీక్ష కావాలి. ఇనుము సంగతి వాళ్లు రాయలేదు గానీ రాసినా లెక్క ఇలాగే ఉంటుంది: సుమారు 4.7 మిల్లీగ్రాములు. మగవాళ్ల 19 లెక్కన చూసినా ఆడవాళ్ల 29 లెక్కన చూసినా "సోర్స్" దగ్గరే ఆగుతుంది.

పోషకాల పట్టిక లేకపోవడం విడిగా ఒక తప్పు. 100 గ్రాములకి శక్తి, ప్రొటీన్, కార్బోహైడ్రేట్, మొత్తం చక్కెర, కలిపిన చక్కెర, కొవ్వులు, సోడియం ఉండాలి. ఒక సర్వింగ్ రోజువారీ అవసరంలో ఎంత శాతమో కూడా ఉండాలి. ఆ శాతాలకి ఆధారం 2000 కిలో క్యాలరీలు, కలిపిన చక్కెర 50 గ్రాములు, సోడియం 2000 మిల్లీగ్రాములు. ఈ పొడిలో 100 గ్రాములకి కలిపిన చక్కెర సుమారు 25 గ్రాములు. 30 గ్రాముల సర్వింగ్‌కి 7.5, అంటే రోజు కోటాలో 15%. ఆ అంకె పక్కన "నో యాడెడ్ షుగర్" కూర్చోలేదు. పట్టిక ఎందుకు వేయలేదో వేరే చెప్పాలా?

"హెల్త్ డ్రింక్" గురించి: చట్టంలో ఆ పేరుతో ఏ తరగతీ లేదు. 2024 ఏప్రిల్ 2న ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆన్‌లైన్ అమ్మకందార్లకి ఇదే చెప్పింది. అదే నెల 10న కేంద్ర వాణిజ్య శాఖ బోర్న్‌విటాతో సహా అలాంటి పానీయాలను "హెల్త్ డ్రింక్స్" విభాగం నుంచి తీసేయమంది. ఆ వెంటనే హిందుస్థాన్ యూనిలీవర్ హార్లిక్స్ విభాగం పేరును "ఫంక్షనల్ న్యూట్రిషనల్ డ్రింక్స్"గా మార్చుకుంది. సంతలో అమ్మే పొడికి ఇది మొదటి అస్త్రం కాదు, చివర్లో ఒక లైను రాయండి చాలు.

ఇంకో సంగతి, చాలామందికి తట్టనిది. తప్పనిసరి వివరాలు ఇంగ్లిష్‌లో గానీ దేవనాగరి హిందీలో గానీ ఉండాలి. అదనంగా తెలుగు వేసుకోవచ్చు, అయితే ఇంగ్లిష్‌లో ఉన్నదానికి విరుద్ధంగా ఉండకూడదు. అందుకని ఇంగ్లిష్‌లో మర్యాదగా రాసి రోగాల మాటలన్నీ తెలుగులోకి నెట్టేస్తే తప్పించుకోవచ్చనుకుంటారు. తెలుగులో రాసినా అది లేబులే. ఫొటో కింద ఆ తెలుగు వాక్యాన్ని అక్షరం మార్చకుండా తిరిగి రాయండి.

నాగావళి_గట్టు

పైన లెక్కలు వచ్చేశాయి కాబట్టి దారి చెప్తాను.

ఒకే బ్యాచ్‌వి రెండు ప్యాకెట్లు కొనండి, బిల్లుతో. సంతలో బిల్లు ఇవ్వరు, అందుకే కొట్లో కొనడం మేలు. ఒక ప్యాకెట్ విప్పకుండా అలాగే ఉంచండి. ముందు, వెనక, పక్క మడతలు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు, తయారీదారు చిరునామా, 14 అంకెల నంబరు, అన్నీ వెలుగులో విడివిడిగా ఫొటోలు తీయండి. వాట్సాప్‌లో తిరిగే ప్రకటన, కొట్టు ముందు ఫ్లెక్సీ ఉంటే తేదీ కనబడేలా అవీ తీయండి. అవి ప్రకటన కిందకి వస్తాయి, దాని సెక్షను వేరు.

14 అంకెల్లో మొదటిది 2 అయితే రిజిస్ట్రేషన్, 1 అయితే లైసెన్సు. తర్వాతి రెండంకెలు రాష్ట్రం కోడ్, అక్కడ 00 ఉంటే కేంద్ర లైసెన్సు. ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సుల వెబ్‌సైటైన ఫాస్‌కాస్ పోర్టల్‌లో ఆ నంబరు కొట్టి చూడండి: ఇంకా అమల్లో ఉందా, పేరు, ఊరు ప్యాకెట్ మీద ఉన్నవేనా? ఇంకొకరి నంబరు, గడువు తీరిన నంబరు అచ్చేసేవాళ్లూ ఉన్నారు. అది దొరికితే కేసు స్వరూపమే మారిపోతుంది. మీ కంప్లయింట్‌కి ఆ స్క్రీన్‌షాట్ జోడించండి.

ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో కంప్లయింట్ పెడితే నంబరు వస్తుంది. అదే కాగితం మీద రాసి జిల్లా అసిస్టెంట్ ఫుడ్ కంట్రోలర్ ఆఫీసులో ఇచ్చి రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోండి. చట్టం డిజిగ్నేటెడ్ ఆఫీసర్ అనేది ఆయన్నే. సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా ఫిర్యాదుల వేదిక పీజీఆర్ఎస్‌లో ఇచ్చినా తిరిగి అక్కడికే వస్తుంది. కాకపోతే దానికి గడువు, రశీదు ఉంటాయి. తయారీదారు పక్క జిల్లా వాడైతే ఆ మాట మొదటి పేరాలోనే రాయండి. అమ్మింది విజయనగరంలో, తయారీ శ్రీకాకుళంలో అయితే రెండు ఆఫీసుల మధ్య కాగితం తిరుగుతూ ఉండిపోవడం మామూలే. రెండు చోట్లా ఇవ్వండి.

కంప్లయింట్ ఒక పేజీ దాటనివ్వకండి. ఒక్కో క్లెయిముకి మూడు ముక్కలు: ప్యాకెట్ మీద ఉన్న మాట, అది ఎందుకు చెల్లదు, ఏ ఫొటోలో ఉంది. "ప్రజల ప్రాణాలతో చెలగాటం" లాంటి మాటలు వద్దు. అవి పేపరు హెడ్డింగుకి బాగుంటాయి గానీ నోటీసులోకి ఎక్కవు.

నెల దాటినా ఉలుకూ పలుకూ లేకపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు. అడగాల్సింది "ఎందుకు చర్య తీసుకోలేదు" అని కాదు, దానికి జవాబు రాదు. "ఫలానా నంబరు కంప్లయింట్ మీద తనిఖీ చేసిన తేదీ, తీసిన శాంపిల్ కోడ్, ఇచ్చిన నోటీసు కాపీ ఇవ్వగలరు" అని అడగండి. కాగితం ఉంటే ఇవ్వాలి, లేకపోతే లేదని రాసివ్వాలి.

రెండో దారి వినియోగదారుల చట్టం, 2019ది. తప్పుదోవ పట్టించే ప్రకటన మీద జిల్లా కలెక్టరుకే కంప్లయింట్ ఇవ్వొచ్చు, కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ అయిన సీసీపీఏకీ పంపొచ్చు. సీసీపీఏ మొదటిసారి 10 లక్షల వరకు, మళ్లీ చేస్తే 50 లక్షల వరకు జరిమానా వేయగలదు. ప్రకటనలో కనిపించిన ప్రముఖుల్నీ ఏడాది పాటు ప్రకటనలు చేయకుండా ఆపగలదు. టీవీలోనో ఆన్‌లైన్‌లోనో రాష్ట్రమంతా నడిచే ప్రకటనకి ఇది సరైన చోటు. గజపతినగరం సంతలో పొడికి ఢిల్లీ దాకా ఎందుకు? 1915కి ఫోన్ చేస్తే నమోదు చేసుకుంటారు, అది చాలు.

డబ్బు నష్టం, ఆరోగ్య నష్టం జరిగి పరిహారం కావాలంటే మాత్రం జిల్లా వినియోగదారుల కమిషన్. సరుకుకి చెల్లించిన ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి.

సంతకవిటి_కిరాణా

ఇదేటి మాస్టారూ, అమ్మినోడి సంగతి ఎవరూ చెప్పలేదు. మా కొట్లలో ఇలాంటి సరుకు పది రకాలుంటాది. వెనక రాత చదివి అమ్మే తీరిక ఎవరికుంటాది?

లేబుల్_లెక్క

తీరిక లేకపోయినా చట్టం వదలదు. సెక్షన్ 27 ప్రకారం మిస్‌బ్రాండెడ్, అంటే లేబుల్ తప్పున్న సరుకు అమ్మినా, గడువు దాటింది అమ్మినా, ఎవరు తయారు చేశారో తెలియని సరుకు అమ్మినా అమ్మకందారుదే బాధ్యత. మీకు అడ్డు నిలిచేది ఒక్కటే: తయారీదారు గానీ డిస్ట్రిబ్యూటర్ గానీ ఇచ్చిన బిల్లు, దాని మీద సరుకు చట్టప్రకారం ఉందన్న హామీ. దాన్నే ఫారం ఇ అంటారు. తెల్ల చీటీ మీద సరుకు దింపుకుంటే తయారీదారు "అది నాది కాదు" అన్న రోజున మొత్తం మీ నెత్తినే పడుతుంది.

ఇలాంటి ప్యాకెట్ ఉంటే చేయాల్సింది: షెల్ఫ్ నుంచి తీసి విడిగా ఒక అట్టపెట్టెలో "అమ్మకానికి కాదు" అని రాసి పెట్టండి. సరఫరాదారుకి వాట్సాప్‌లో ఫొటోతో కారణం రాయండి. డెబిట్ నోట్ వేసి తిప్పి పంపండి. మార్కర్‌తో ఆ వాక్యం కొట్టేయడం, మీద స్టిక్కర్ అంటించడం మాత్రం చేయొద్దు. అలా చేస్తే లేబుల్ మార్చిన పేరు మీకొస్తుంది.

చంపావతి_ఒడ్డు

వివరంగా చెప్పారు. నా మూడో ప్రశ్న మిగిలింది. ల్యాబ్ రిపోర్టులో సరుకు బాగానే ఉందని వస్తే?

నాగావళి_గట్టు

సగం కంప్లయింట్లు చచ్చేది అక్కడే, అదీ అడిగిన తీరు వల్ల.

ల్యాబ్‌లో ప్రశ్నలు రెండు. ఒకటి, పొడిలో ఏముంది: తేమ, ఇసుక, బూజు, కలపకూడని రంగు. రెండు, పొడి మీద రాసింది నిజమా. మీరు "ఈ పొడి మంచిది కాదు, పరీక్షించండి" అని రాస్తే మొదటి ప్రశ్నకే జవాబు వస్తుంది. పొడి శుభ్రంగానే ఉంటుంది. ఫైలు మూసేస్తారు. చోళ్లకి ఏం తక్కువ, అవి మంచివే కదా!

చట్టంలో సరుకు తప్పులు మూడు రకాలు. ప్రాణానికి చేటైతే అన్‌సేఫ్, అది క్రిమినల్ కేసు. నాణ్యత తక్కువైతే సబ్‌స్టాండర్డ్, సెక్షన్ 51, 5 లక్షల వరకు. లేబుల్ తప్పైతే మిస్‌బ్రాండెడ్, సెక్షన్ 52, 3 లక్షల వరకు. తప్పుదోవ పట్టించే ప్రకటన అయితే సెక్షన్ 53, 10 లక్షల వరకు. మిస్‌బ్రాండెడ్ నిర్వచనంలోనే లేబుల్ మీది తప్పుడు క్లెయిములు ఉన్నాయి. కాబట్టి పొడి బంగారంలా ఉన్నా కేసు నిలుస్తుంది. కంప్లయింట్‌లో "లేబుల్ క్లెయిముల మీద ఫుడ్ అనలిస్టు అభిప్రాయం కోరగలరు" అనే వాక్యం ఉండాలి. ఫుడ్ అనలిస్టు ఇచ్చే రిపోర్టులో లేబుల్ లోపాలు కూడా రాస్తారు.

శాంపిల్ తీసే పద్ధతి కూడా తెలుసుకోండి, ఎక్కువ కేసులు జారిపోయేది ఈ మెట్టు దగ్గరే. ఫుడ్ సేఫ్టీ ఆఫీసరు కొట్టువాడికి ఫారం 5ఎ నోటీసు ఇచ్చి, డబ్బు చెల్లించి కొనాలి. నాలుగు భాగాలు చేయాలి. ఒకటి ఫుడ్ అనలిస్టుకి, రెండు డిజిగ్నేటెడ్ ఆఫీసరు దగ్గర భద్రంగా, నాలుగోది వ్యాపారి అడిగితే గుర్తింపు పొందిన ల్యాబ్‌కి. విప్పి నాలుగు సీసాల్లో పోస్తే లేబుల్ ఎక్కడిది? సీలు వేసిన ప్యాకెట్లే నాలుగు భాగాలుగా వెళ్లాలి, ఒకే బ్యాచ్‌వి. కొట్లో అదే బ్యాచ్‌వి నాలుగు లేకపోతే అక్కడే చిక్కు. అందుకే ఏ కొట్లో ఎన్ని ఉన్నాయో కంప్లయింట్‌లో రాయండి.

రిపోర్టు 14 రోజుల్లో రావాలి. దాని మీద వ్యాపారి 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు, అప్పుడు రిఫరల్ ల్యాబ్‌కి వెళ్తుంది. తర్వాత జాయింట్ కలెక్టరు ముందుకు. మనవాళ్లు జేసీ కోర్టు అనేది అదే, అడ్జుడికేటింగ్ ఆఫీసర్ హోదాలో. మొదటి వాయిదా నుంచి 90 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలి. ఎంత వేయాలన్నది సెక్షన్ 49 చూసి తేలుస్తారు: ఎంత లాభం వచ్చింది, ఎవరికి ఎంత నష్టం, మళ్లీ మళ్లీ చేశాడా, తెలిసే చేశాడా. జరిమానాతో పాటు లేబుల్ సరిదిద్దమని గానీ సరుకు ధ్వంసం చేయమని గానీ ఆదేశించొచ్చు. కట్టకపోతే భూమి శిస్తు బకాయిలా వసూలు చేస్తారు, కట్టేదాకా లైసెన్సు ఆగుతుంది.

ఆఫీసరు సెక్షన్ 32 కింద ఇంప్రూవ్‌మెంట్ నోటీసుతో సరిపెట్టొచ్చు కూడా: 14 రోజులకి తగ్గని గడువిచ్చి సరిదిద్దుకోమంటారు. వినకపోతే లైసెన్సు సస్పెన్షన్, ఆ తర్వాత రద్దు. చిన్న తయారీదారు విషయంలో ఇదే ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం. జరిమానా వేసినా పాత కవర్లు అయిపోయేదాకా అమ్ముతారు, నోటీసులో గడువు ఉంటే కవర్లు మార్చక తప్పదు.

మీరే పరీక్ష చేయించాలనుకుంటే సెక్షన్ 40 ఉంది. కొనేటప్పుడే "దీన్ని పరీక్షకి పంపిస్తాను" అని అమ్మేవాడికి చెప్పాలి, ఫీజు కట్టాలి. తేడా తేలితే ఫీజు వాపసు. చెప్పకుండా కొని ప్రైవేటు ల్యాబ్‌కి పంపితే ఆ రిపోర్టు కంప్లయింట్‌కి జోడించుకోవడానికి తప్ప జరిమానాకి పనికిరాదు.

కవిటి_కొబ్బరి

ఉద్దానం వైపు ఇంకో రకం గోల ఉంది, కలిపి చెప్తున్నా. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం మండలాల్లో కిడ్నీ జబ్బు ఎక్కువని అందరికీ తెలుసు. ఆ భయం చూసుకుని "కిడ్నీని శుభ్రం చేస్తుంది", "క్రియాటినిన్ తగ్గిస్తుంది" అని పొడులు, కషాయాలు అమ్ముతారు. ముందు ప్యాకెట్ వెనక చూడండి. 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉంటే ఆహారం, పైన చెప్పిన దారే. ఆయుర్వేద మందుగా తయారీ లైసెన్సు నంబరు ఉంటే ఫుడ్ ఆఫీసులో పనికాదు, ఔషధాల వైపు వెళ్లాలి. మందుల ప్రకటనలకి 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ఉంది, నయం చేస్తామని ప్రకటించకూడని రోగాల షెడ్యూల్లో షుగర్ వ్యాధి పేరు ఉంది. రెండు నంబర్లూ లేకపోతే రెండు చోట్లా పెట్టండి.

ఇంకోటి: "లో సోడియం", "గుండెకి మంచిది" అని అమ్మే ఉప్పు. సోడియం తగ్గించడానికి అందులో పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్ల ఒంట్లోంచి పొటాషియం సరిగా బయటికి పోదు, పెరిగితే గుండె లయ తప్పుతుంది. 2025 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ ఉప్పులు వాడమని సలహా ఇస్తూనే కిడ్నీ జబ్బువాళ్లకి ఆ సలహా వర్తించదని రాసింది. లేబుల్ మీద ప్రతి మాటా నిజమే కావచ్చు, అయినా మన దగ్గర కొనేవాడికి అపాయం. పదార్థాల పట్టీలో పొటాషియం క్లోరైడ్ కనబడితే కిడ్నీ రోగి ఉన్న ఇంట్లో వంటకి వాడొద్దు.

సంతకవిటి_కిరాణా

ఓఆర్ఎస్ పేరు పెట్టుకున్న డబ్బా జ్యూసుల సంగతేటి? అవి అమ్మొచ్చా, మానాలా?

లేబుల్_లెక్క

మానేయండి. ప్రభుత్వం ఒక క్లెయిము మీద ఎలా ముందుకీ వెనక్కీ నడుస్తుందో చూడాలంటే దానికి మించిన ఉదాహరణ లేదు.

2022 ఏప్రిల్‌లో ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడకం తప్పుదోవ పట్టించేదే అంది. మూడు నెలలకే, జులై 14న, ట్రేడ్‌మార్కులో ముందో వెనకో ఇంకో మాట చేర్చి వాడుకోవచ్చని సడలించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ఓఆర్ఎస్ ఇది కాదని ప్యాకెట్ మీద రాస్తే చాలంది. ఆ గమనిక చదివేదెవరు? విరేచనాలవుతున్న పిల్లాడిని చంకనేసుకుని కొట్టుకొచ్చిన తల్లి మూడు అక్షరాలు చూసి కొంటుంది. హైదరాబాద్ పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ దీని మీద ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరు 14న ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ సడలింపు వెనక్కి తీసుకుంది. ఆ జ్యూసుల కంపెనీలు ఢిల్లీ హైకోర్టుకి వెళ్లినా చివరికి ఊరట నిలవలేదు. నవంబరులో సరుకును కొట్ల నుంచి, ఆన్‌లైన్ నుంచి తీయించమని రాష్ట్రాలకి ఆదేశాలొచ్చాయి.

అసలు ఓఆర్ఎస్‌లో లీటరు నీటికి ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, ట్రైసోడియం సిట్రేట్ 2.9 గ్రాములు. ఉప్పు, గ్లూకోజు ఈ పాళ్లలో ఉంటేనే పేగు నీటిని లోపలికి లాక్కుంటుంది. చక్కెర బాగా ఎక్కువైన పానీయం తాగితే నీరు పేగులోకే దిగి విరేచనాలు పెరుగుతాయి. మెడికల్ షాపు ప్యాకెట్ మీద ఈ నాలుగు అంకెలు చూసి కొనాలి.

జామి_చోళ్లు

పెద్ద కంపెనీలు చేస్తే ఏళ్ల గడువులు, మన డ్వాక్రా సంఘాలు చేస్తే జేసీ కోర్టులా? చోడి మాల్ట్ చేసుకుని బతికే ఆడవాళ్ల మీద ఇంత లెక్కలేంటండీ.

లేబుల్_లెక్క

మీ కోపంలో నిజం ఉంది. "100% పండ్ల రసం" అనే మాట తీయమని 2024 జూన్‌లో చెప్పి, పాత కవర్లకి మొదట సెప్టెంబరు 1 దాకా, తర్వాత డిసెంబరు 31 దాకా టైమిచ్చారు. "ఎ2 పాలు" మాట తీయమని 2024 ఆగస్టు 21న ఆదేశమిచ్చి 26న వెనక్కి తీసుకున్నారు. అంత మెత్తదనం సంతలో పొడికి దొరకదు. అయితే షుగర్ ఉన్న మనిషి "నో యాడెడ్ షుగర్" చూసి రోజుకి రెండు గ్లాసులు తాగితే, కలిపింది ఎవరైనా ఎక్కేది ఆ మనిషి రక్తంలోకే. చిన్నవాళ్లకి చట్టంలోనే ఒక వెసులుబాటు ఉంది: సెక్షన్ 69 కింద చిన్న తయారీదారులు, చిల్లర వ్యాపారులు లక్షకి మించని మొత్తం కట్టి రాజీ చేసుకోవచ్చు. అంతకన్నా నయం, కవరు మార్చుకోవడం. ఇదే పొడికి ఇలా వేస్తే ఏ ఆఫీసరూ వేలెత్తలేడు:

ముందువైపు: "చోడి మాల్ట్ పొడి, బెల్లంతో. చోడి పిండి 65%." చోళ్లని గొప్పగా చూపించే ప్యాకెట్ మీద వాటి శాతం చెప్పి తీరాలి, అదే మీకు మంచి ప్రచారం కూడా. మార్కెట్‌లో రాగి బిస్కెట్ల వెనక ఆ శాతం వెతికి చూడండి, మీ 65 ఎంత పెద్ద అంకో తెలుస్తుంది.

క్లెయిము: "కాల్షియం ఉన్న ఆహారం" అనే సోర్స్ మాట, పట్టికలో 100 గ్రాములకి ఎంతో ల్యాబ్ రిపోర్టు ప్రకారం. పీచు మాట జల్లించని పిండికే. "పాల కంటే మూడు రెట్లు కాల్షియం" అని మాత్రం వేయకండి, చాలా కవర్ల మీద ఉంటుంది. 100 గ్రాముల చోళ్లని 100 గ్రాముల పాలతో పోల్చి రాసే మాట అది. తాగేది 30 గ్రాముల పిండి, అందులో ఉత్త చోళ్లయినా 109 మిల్లీగ్రాములు. 200 మిల్లీలీటర్ల పాలలో 240 దాకా ఉంటుంది. పైగా పోలిక క్లెయిము ఒకే రకం ఆహారాల మధ్యే చేయాలి.

"ఇంట్లో చేసినది" అన్న మాట కూడా వద్దు, కొనేవాళ్లని తప్పుదోవ పట్టించేలా ఉంటే నిషేధం. షెడ్డులో పల్వరైజర్ పెట్టి క్వింటాళ్లు ఆడిస్తున్నప్పుడు అది ఇల్లు కాదు. సంఘం పేరు, ఊరి పేరు వేసుకోండి. బెల్లం లేని రకం విడిగా చేస్తే దానికి "చక్కెర, బెల్లం కలపలేదు, సహజంగా ఉండే చక్కెర ఉంటుంది" అని రెండు ముక్కలూ కలిపే రాయాలి.

జామి_చోళ్లు

పాత కవర్లు మూడు వేలున్నాయి. వాటినేం చేయాలి?

నాగావళి_గట్టు

రోగాల మాటలు, డాక్టర్ల మాట ఉన్న కవరు ఒక్కటీ బయటికి వెళ్లకూడదు, దానికి గడువు అడిగే దారి లేదు. కవర్లను నాశనం చేసి, తేదీతో ఫొటో, సంఘం మినిట్స్ పుస్తకంలో తీర్మానం పెట్టుకోండి. కొట్లలో ఉన్న సరుకు వెనక్కి తెప్పించిన చలాన్లు దాచండి. రేపు నోటీసు వస్తే సెక్షన్ 49 లెక్కలో మీ తరఫున మాట్లాడేవి ఆ కాగితాలే. కొత్త కవరు ప్రింటింగుకి వెళ్లే ముందు ప్రూఫ్ పట్టుకుని ఫుడ్ సేఫ్టీ ఆఫీసరు దగ్గరికి ఒకసారి వెళ్లి చూపించండి. రాతపూర్వకంగా అనుమతి ఇవ్వరు గానీ తప్పు ఎక్కడుందో వేలు పెట్టి చూపిస్తారు. ప్రెస్సువాడికి మాత్రం పాత డిజైన్ ఫైలు తీసేయమని గట్టిగా చెప్పండి, రెండో ఆర్డరుకి అదే పాత వాక్యం మళ్లీ ప్రింటయి రావడం ఎక్కువ.